జు వీ... చూచితిని

అమీర్‌పేటలో ఫ్రెంచి క్లాసులో చేరానని చెబితే మా తాతయ్య నమ్మలేదు. "అక్కడ కంప్యూటర్లు కదరా నేర్పేదీ?" అన్నాడు. ఆయన అనుమానంలో తప్పేమీ లేదు. మైత్రీవనం దగ్గర రెండు నిమిషాలు నించుంటే చేతిలో కుక్కే కరపత్రాలన్నీ జావావి, డాట్‌నెట్‌వి, డెవాప్స్‌వి. నేనూ ఇంజినీరింగ్ అయిన కొత్తలో ఆ గల్లీల్లోనే మూణ్ణెల్లు జావా నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణే (మరి కాలేజీలో నాలుగేళ్ళూ ఏం నేర్చుకున్నావని అడక్కండి). ఇప్పుడు ఆ బ్యానర్ల సందుల్లోంచే జర్మను, ఫ్రెంచి బోర్డులు కూడా తొంగి చూస్తున్నాయి.

భాష మీద ప్రేమ అనుకునేరు. అంతా కెనడా మహిమ. 2023 నుంచీ వాళ్ళ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచి వచ్చినవాళ్ళకి విడిగా డ్రాలు తీస్తున్నారు. పైగా ఆ భాషలో మంచి స్కోరు ఉంటే 50 పాయింట్ల దాకా అదనం. ఇంక అమీర్‌పేట ఊరుకుంటుందా? మా బ్యాచ్‌లో పద్దెనిమిది మందిమి. నర్సు ఉద్యోగం చేసే ఒకమ్మాయి తప్ప అందరం సాఫ్ట్‌వేర్ బాపతే. పారిస్ చూడాలని గానీ, ఫ్రెంచి నవల చదవాలని గానీ ఎవరికీ లేదు. శనాదివారాలు పొద్దున్నే వచ్చి, ముక్కుతో మాట్లాడటం ప్రాక్టీసు చేసి, కింద బండి దగ్గర ఇడ్లీ తిని పోవడమే.

ముక్కుతో అంటే గుర్తొచ్చింది. ఫ్రెంచి ఉచ్చారణ నోట్సులో తెలుగులో రాసుకుందామంటే మొదటిరోజే చిక్కొచ్చిపడింది. 'పారిస్ నుంచి వచ్చే గాలి' లాంటి ఆ ముక్కు శబ్దాలకి సున్నా పెడితే మరీ గట్టిగా 'మ్' అయిపోతోంది. అప్పుడు తట్టింది అరసున్న! పద్యాల్లో తప్ప పని లేక కూర్చున్న మన అరసున్నకి అమీర్‌పేటలో ఉద్యోగం దొరికిందన్నమాట. కాబట్టి ఈ కింద ఎక్కడ అరసున్న కనిపించినా ముక్కుతో చదువుకోండి :)

మూడో నెలలో అనుకుంటా, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో 'లె పెతి ప్ర్యాఁస్' దొరికింది. సెయింట్ ఎగ్జూపరీ 1943లో రాసిన చిన్న రాకుమారుడి కథ. పిల్లల పుస్తకమే కదా, మూణ్ణెల్ల చదువుకి ఈమాత్రం రాదా అని కొనేశా. తీరా చూస్తే, నేర్చుకున్న క్రియల్లో ఒక్కటీ నేర్చుకున్న వేషంలో లేదు. క్లాసులో మాకు చెప్పిన భూతకాలం 'పాసే కోఁపోజే'. అందులో సహాయక్రియ ఒకటి ముందుండాలి, దాని వెనక అసలు క్రియ రావాలి. ఇందులో సహాయక్రియ ఊసే లేదు. ఒంటి పదాలు, అవీ ఎప్పుడూ చూడని తోకలతో. మేడమ్‌ని అడిగాను.

"అది పాసే స్యాఁప్ల్. రాతలోనే వస్తుంది. మాట్లాడేటప్పుడు ఎవ్వరూ వాడరు. మన పరీక్షకి దాంతో పని లేదు. కనిపిస్తే గుర్తుపట్టండి చాలు, మీరు మాత్రం వాడకండి" అన్నారు.

వెనక బెంచీలోంచి ఎవరో "రీడ్-ఓన్లీ అన్నమాట" అన్నాడు. అందరం నవ్వాం. నిజానికి ఇంతకంటే బాగా చెప్పలేం. డిప్రికేట్ చేశారు గానీ తీసెయ్యలేదు. తీసేస్తే పాత కోడంతా కూలిపోతుంది మరి. మూడు వందల ఏళ్ళ నవలలు, చరిత్ర పుస్తకాలు, పిల్లల కథలు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కామూ 1942లో 'లెత్రాఁజే' నవలని ఆ కాలం పక్కనపెట్టి మాటల్లో వాడే భూతకాలంలో నడిపించాడనేది ఇప్పటికీ చర్చించుకునే విషయమంటే, నవలకీ ఆ కాలానికీ ఎంత ముడో మీరే ఊహించుకోండి.

ఆ రోజు క్లాసయ్యాక మెట్రో ఎక్కలేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషనే. మా ఇల్లు ద్వారకాపురి కాలనీ వైపు. నడిచే వచ్చాను. (అదే రైలెక్కి దిల్‌సుఖ్‌నగర్ వైపు పోతే మూసారాంబాగ్ వస్తుంది. నిజాం కొలువులో ఉండి 1798లో చనిపోయిన ముస్యో రేమోఁ అనే ఫ్రెంచి సేనాపతి పేరే మన నోళ్ళలో నలిగి మూసారాం అయిందంటారు. కాబట్టి మేం ఫ్రెంచిని చేస్తున్నది ఈ ఊళ్ళో మొదటి ఖూనీ ఏం కాదు.)

ఇంటికొచ్చి, తాతయ్య పక్కన కూలబడి, ఊరికే అడిగాను. "తాతయ్యా, పాసే స్యాఁప్ల్ అని ఒకటుంది, విన్నావా?"

తాతయ్యకి ఎనభయ్యారు. గ్లకోమా వల్ల చూపు దాదాపు పోయింది. మొహం నావైపు తిప్పి, ఎక్కం అప్పజెప్పినట్టు ఒకే ఊపిరిలో అన్నాడు: "జు వీ, త్యు వీ, ఇల్ వీ, ను వీమ్, వు వీత్, ఇల్ వీర్."

నాకు నోట మాట రాలేదు. తాతయ్యది యానాం అని తెలుసు. ఫ్రెంచి బళ్ళో చదివాడనీ తెలుసు. కానీ తెలిసిన సంగతులన్నీ మనకి తట్టవు కదా. మూణ్ణెల్లుగా అమీర్‌పేటలో ఫీజు కట్టి మరీ నేర్చుకుంటున్నది ఇంట్లో వాలుకుర్చీలో కూర్చుని ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

తెలియనివాళ్ళకి యానాం గురించి కాస్త. కాకినాడకి ముప్ఫై కిలోమీటర్ల లోపే, గౌతమి ఒడ్డున, చుట్టూ గోదావరి జిల్లా. అచ్చ తెలుగు ఊరు, కానీ రెండు శతాబ్దాల పైన ఫ్రెంచివాళ్ళది. ఒకప్పుడు ఫారిన్ సరుక్కోసం జనం అక్కడి మంగళవారం సంతకి పోయేవారట. 1929లో శారదా చట్టం వచ్చాక, అది అక్కడ చెల్లదు కాబట్టి, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చెయ్యడానికీ పోయేవారు. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి చేతుల్లోంచి బయటపడింది. ఆ నవంబర్ 1న పాలన ఇండియా చేతికొచ్చింది. కాగితాల మీద విలీనం పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న. అప్పుడు అక్కడి ఫ్రెంచి పౌరులకి ఆర్నెల్ల గడువిచ్చారు, కావాలంటే ఫ్రెంచివాళ్ళుగానే ఉండిపోవచ్చని. 1954లో తాతయ్యకి పదిహేనేళ్ళు. ఆ ఏడే ఆయన్ని కాకినాడలో తెలుగు బళ్ళో వేశారు. అంతటితో ఫ్రెంచి ఆగిపోయింది.

"ఇంతకీ అర్థం తెలుసా?" అన్నాను.

"చూచితిని, చూచితివి, చూచెను, చూచితిమి, చూచితిరి, చూచిరి. మా మేష్టారు అట్లాగే చెప్పేవారు" అన్నాడు.

ఇక్కడ నాలోని ఇంజినీరు నిద్రలేచాడు. నోట్‌బుక్‌లో రెండు వరసలూ పక్కపక్కన రాసుకున్నాను. ఎంతకాలం నుంచో మాటల్లోంచి జారిపోయి రాతలో మిగిలిన భూతకాలం ఒకటి మనకీ ఉంది. 'వచ్చితిని, చేసితిమి' అని ఇవాళ ఎవరైనా అంటే సినిమాలో యముడి వేషం అనుకుంటాం. కానీ పోయిందా అంటే పోలేదు. పెళ్ళికార్డు తీయండి, 'నిశ్చయించితిమి' ఉంటుంది. ఇల్లమ్మిన పాత దస్తావేజు తీయండి, 'విక్రయించితిని, స్వాధీనపరచితిని'. తెలుగు బైబిలు నిండా 'చెప్పెను, వచ్చెను'లే.

సరదా సంగతి ఇంకోటుంది. 'చూచెను' అంటే చూసింది మగవాడా ఆడమనిషా చెప్పలేం. మాటల్లోకొస్తే చూశాడు, చూసింది అని విడిపోతుంది. ఫ్రెంచిలోనూ పాసే స్యాఁప్ల్ క్రియకి ఆడా మగా తేడా లేదు. మాటల భూతకాలంలో, కొన్ని క్రియలకి, చివర అక్షరం మారి ఆ తేడా వచ్చేస్తుంది. రెండు భాషలకీ ఏ చుట్టరికమూ లేదు, అయినా రాతలో దాచుకున్నది మాటల్లో ఒప్పేసుకుంటాయి! ఒక్క విషయంలో మాత్రం మనదే పైచేయి. 'చూచితిని' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. ఫ్రెంచిలో నేను, నువ్వు, అతను మూడింటికీ 'వీ'యే వినబడుతుంది. ముందు సర్వనామం లేకపోతే ఎవరు చూశారో దేవుడికే తెలియాలి.

మనకి గిడుగు రామమూర్తిగారు దొరికారు. 1863లో పుట్టి 1940లో పోయేదాకా, మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన పడిన తగువు ఫలితంగా ఇవాళ నేను 'చూశాను' అని రాసుకోగలుగుతున్నాను. చందమామ కథల్లో రాజు 'వచ్చాడు'. ఫ్రెంచి పిల్లల కథల్లో మాత్రం ఇప్పటికీ రాజు 'వచ్చెను'. ఫ్రెంచివాళ్ళు అన్నిటికీ విప్లవాలు చేశారు గానీ దీని జోలికి పోలేదేమిటో!

సరే, అసలు సంగతి ఇది కాదు.

వారం పోయాక తాతయ్య తన ట్రంకు పెట్టెలోంచి ఒక కవరు తీయించాడు. ఫ్రాన్స్ స్టాంపు, 1974 ముద్ర. పెద్దతాతది. తాతయ్య అన్నగారు, ఎనిమిదేళ్ళు పెద్ద. ఆర్నెల్ల గడువులో ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకుని వెళ్ళిపోయిన మనిషి. మా ఇంట్లో ఆయన ప్రస్తావన పెద్దగా వచ్చేది కాదు. నేను పుట్టక ముందే పోయాడు. 1974లో ముత్తమ్మ చనిపోయాక వచ్చాడనీ, ఇల్లు అమ్మే విషయంలో అన్నదమ్ములకి మాటా మాటా పెరిగిందనీ, చెప్పకుండా వెళ్ళిపోయాడనీ మాత్రం నాన్న చెప్పగా విన్నాను.

"చదువు" అన్నాడు తాతయ్య.

ఉత్తరం ఫ్రెంచిలో ఉంది. తెలుగు మనుషులు ఒకరికొకరు ఫ్రెంచిలో ఉత్తరం ఎందుకు రాసుకుంటారు? అదే అడిగితే, "ఇంటికొచ్చిన ఉత్తరం అందరూ చదువుతార్రా. ఇదైతే నేనొక్కణ్ణే" అన్నాడు.

కూడబలుక్కుంటూ మొదలెట్టాను. కుశలప్రశ్నలు దాటాయి. ఒక వరస చివర 'జు వీ ఆఁకోర్' అని ఉంది. ఇది నాకొచ్చు! బతకడం అనే క్రియ, 'వీవ్ర్', వర్తమానంలో 'జు వీ'. ఆఁకోర్ అంటే ఇంకా. "నేనింకా బతికే ఉన్నాను" అని గట్టిగా అనువాదం చేసేశాను. ఎంతో గర్వంగా కూడా.

తాతయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కింద వరస కూడా కలిపి చదువు" అన్నాడు.

కింద వరస: 'యున్ ఫ్వా లా మేజోఁ.' కలిపితే, 'ఆఁకోర్ యున్ ఫ్వా', అంటే మళ్ళీ ఒకసారి. ఇల్లు.

"బతకడం కాదురా. చూడటం. మళ్ళీ ఒకసారి ఇల్లు చూచితిని."

తర్వాత సరిచూసుకున్నాను. బతుకు వర్తమానం, చూపు పాసే స్యాఁప్ల్. ఈ రెండూ ఏకవచనంలో మూడు పురుషల్లోనూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. వ్యాకరణం పుస్తకంలో ఇది వింత. ఆ ఉత్తరం చేతిలో పట్టుకున్నప్పుడు మాత్రం చెమట పట్టింది.

మిగతాది నేను చదవక్కర్లేకపోయింది. తాతయ్యే చెప్పాడు, కంఠతా. తగువైన మర్నాడు తెల్లవారకముందే పెద్దతాత వీధి చివర నుంచి ఇల్లు చూశాడట. తాతయ్య గుమ్మం దగ్గర పళ్ళు తోముకుంటున్నాడట. 'నిన్ను చూచితిని. పిలువలేదు.' అక్కణ్ణించి బస్సెక్కి వెళ్ళిపోయాడట. ఆ రాత్రే పోయాడనుకుని తాతయ్య అప్పటికి ఇంట్లో అందరి ముందూ అన్నని తిట్టిపోశాడు. ఆ పొద్దున తను నోట్లో వేపపుల్ల పెట్టుకుని నించుంటే, అవతల నుంచి ఆయన చూస్తున్నాడన్నది నెల తర్వాత ఈ ఉత్తరంలో తెలిసింది.

"మామూలు భూతకాలంలో రాయొచ్చు కదా. ఉత్తరాల్లో అదే రాస్తారని మేడమ్ చెప్పారు" అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"మీ మేడమ్ చెప్పేది తిన్నాక చెయ్యింకా తడిగా ఉన్నట్టు. ఇది విస్తరి ఎత్తేశాక మాట. ఇంక రానని రాశాడురా వాడు. ఎక్కడా ఆ ముక్క రాయలేదు. కానీ రాశాడు."

బెన్వెనిస్త్ అనే భాషాశాస్త్రవేత్త 1959లో ఈ రెండు కాలాల మీద పేరున్న వ్యాసం రాశాడు. ఒకటి మాట్లాడేవాడికీ వినేవాడికీ మధ్య నడిచేది, ఇంకోటి ఎవరూ మాట్లాడనట్టే జరిగినవి వాటంతటవి చెప్పుకుపోయేది అని. ఆ వ్యాసం గురించి నేను ఈమధ్యే చదివాను. విస్తరి మాట దాంట్లో ఉంటే నాకింకా తొందరగా అర్థమయ్యేది.

"నువ్వు జవాబు రాయలేదా?"

"ముందు కోపం. తర్వాత సిగ్గు. సిగ్గు పోయేసరికి ఫ్రెంచి పోయింది. అయినా మాట్లాడే ఫ్రెంచి మాకెవరు నేర్పార్రా? రాసేదే నేర్పారు. ఆ 'వీమ్, వీత్'లతో బతిమాలడం ఎలాగో నాకు తెలీలేదు."

ఆయనేమో అన్నంత పని చేశాడు, మళ్ళీ రాలేదు. ఇల్లు 1975లో తాతయ్య ఒక్కడే సంతకం పెట్టి అమ్మేశాడు. ఆ దస్తావేజు నకలు అదే ట్రంకులో ఉంది. అన్నీ 'తిని'లే.

నేను కెనడా కోసం ఫ్రెంచి నేర్చుకుంటున్నానని తాతయ్యకి సరిగ్గా చెప్పలేదు. ఆఫీసు పనికి అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు, కానీ అడగలేదు కూడా. పోయిన నెల పరీక్ష రాశాను. మాట్లాడే భాగంలో 'నిన్న ఏం చేశారు' లాంటి ప్రశ్నే వచ్చింది. నాలుకకొసన 'జు వీ' ఉంది. మింగేసి 'జె వ్యూ' అన్నాను. పాయింట్లు కదా.

ఉత్తరం చదివిన రెండు మూడు వారాలకి, ఒక రాత్రి భోజనాలయ్యాక తాతయ్య పిలిచాడు. పెద్దతాత కూతురొకావిడ ఫ్రాన్స్‌లోనే ఉంది, నాకు అత్తయ్య అవుతుంది. ఆవిడ అడ్రసు నాన్న ఎలాగో సంపాదించాడు. అరవై దాటి ఉంటాయి. తెలుగు రాదు. తాతయ్య ఆవిణ్ణి చూసిందే లేదట, 1974లో వాళ్ళ నాన్నతో రాలేదు కాబట్టి. కానీ ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి ఆవిడ ఒక్కతే యానాం వచ్చి, అమ్మేసిన ఇంటి ముందు ఫొటోలు తీసుకుని వెళ్ళిందని ఊళ్ళోవాళ్ళు చెప్పారు.

"రాయి" అన్నాడు. లాప్‌టాప్ తెచ్చుకున్నాను.

"మీరు అని మొదలెట్టనా, నువ్వు అని మొదలెట్టనా?" అన్నాను. ఫ్రెంచిలో ముక్కూ మొహం తెలియని పెద్దావిడని 'త్యు' అంటే బాగుండదు. మేడమ్ ఈ విషయంలో మార్కులు కూడా కోస్తారు.

"అన్నయ్య కూతురు. త్యు అనే రాయి."

"ఏం రాయను?"

"నువ్వు వచ్చావని తెలిసింది. నేనప్పుడు ఊళ్ళో లేను. అంతే. మొదలు అది రాయి."

"ఏ భూతకాలంలో?"

తాతయ్య ఆలోచించాడు. చాలాసేపే.

"మీ మేడమ్ చెప్పింది రాయి" అన్నాడు.

'త్యు ఎ వన్యూ' అని కొట్టాను. ఆడమనిషి కదా, చివర ఇంకో 'ఎ' కావాలి. వెనక్కొచ్చి అది చేర్చాను. తాతయ్యకి స్క్రీన్ కనబడదు. "పెట్టావా?" అన్నాడు.

"పెట్టాను తాతయ్యా."

"ఊఁ. తర్వాత?"